ప్రారంభ మెమొరీ పరీక్ష

కంప్యూటరును ఆన్ చేసిన వెంటనే, ఆపరేటింగ్ సిస్టమ్ మొదలు కాకముందే, ర్యామ్ సరిగా పనిచేస్తున్నదో లేదో చూసే పరీక్షను ప్రారంభ మెమొరీ పరీక్ష అంటారు. ఇది పోస్ట్ (పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్) అనే స్వయంపరీక్షలో ఒక భాగము. మదర్‌బోర్డు మీది చిప్పులో ఉండే బయాస్ లేదా యూఈఎఫ్‌ఐ ప్రోగ్రాము దీనిని నడుపుతుంది.

అవసరం

ర్యామ్‌లో సంఖ్యలు 0, 1 అనే బిట్ల వరుసలుగా నిలువ ఉంటాయి. ఒక విద్యార్థికి 35 మార్కులు వచ్చాయనుకుందాము. ద్విసంఖ్యామానంలో ఇది 100011, అనగా 32+2+1. ఇందులో 32 విలువ గల బిట్టు చెడిపోయి ఎప్పుడూ 0గానే ఉండిపోతే, తిరిగి చదివినప్పుడు 3 వస్తుంది. ఉత్తీర్ణుడైన పిల్లవాడు తప్పినట్లు నమోదవుతాడు. సాధారణ కంప్యూటరు ఏ హెచ్చరికా చేయదు. ఆ ఫైలును డిస్కులో భద్రపరిస్తే, తరువాత ర్యామ్ మార్చినా తప్పు అలాగే నిలిచిపోతుంది.

పరీక్షించే విధానం

ప్రతి గడిలో తెలిసిన విలువను వ్రాసి, తిరిగి చదివి, పోల్చి చూడడమే మూలసూత్రం. 0 దగ్గర నిలిచిపోయిన బిట్టు, 0 వ్రాసినప్పుడు సరిగానే కనిపిస్తుంది. అందుచేత 01010101 వ్రాసి చదివిన తరువాత, దానికి వ్యతిరేకమైన 10101010 వ్రాసి చదువుతారు.

చిరునామా తీగలోని లోపం ఇంత సులభంగా దొరకదు. తీగ తెగితే రెండు చిరునామాలు ఒకే గడికి దారితీస్తాయి. వ్రాసిన వెంటనే చదివితే అంతా సవ్యంగానే ఉన్నట్లుంటుంది. కనుక అన్ని చిరునామాలలోను వేర్వేరు విలువలు వ్రాయడం పూర్తయ్యాకే మొదటి నుండి చదవాలి.

ఐబీఎం పీసీలో

1981లో విడుదలైన ఐబీఎం పీసీలో మెమొరీ లోపం కనబడితే తెరపై 201 అనే సంకేతం వచ్చేది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలను కలిపి నొక్కి పునఃప్రారంభిస్తే, కాలం ఆదా చేయడానికి ఈ పరీక్షను వదిలివేసేది. అందుకు గుర్తుగా షోడశాంశ మానంలో 1234 అనే సంఖ్యను ఒక నిర్ణీత గడిలో ఉంచేవారు. విచిత్రమేమంటే ఆ గడి కూడా ర్యామ్‌లోనిదే!

పరిమితులు

16 గిగాబైట్ల ర్యామ్, పాత పీసీల 640 కిలోబైట్లకు 26,000 రెట్లకు పైగా ఉంటుంది. అంతటినీ క్షుణ్ణంగా పరిశీలించాలంటే గంటలు పడుతుంది కనుక, ప్రారంభ పరీక్షను క్లుప్తంగానే ముగిస్తారు. వేడెక్కినప్పుడు మాత్రమే కనిపించే లోపాలు, పొరుగు గడి మారినప్పుడు మాత్రమే బయటపడే లోపాలు దీనికి చిక్కకపోవచ్చు. అనుమానం ఉన్నవారు క్రిస్ బ్రాడీ 1994లో రూపొందించిన మెమ్‌టెస్ట్86 వంటి ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా నేరుగా నడపాలి. తప్పులు కనబడితే ర్యామ్ పలకలను ఒక్కొక్కటిగా, ఒకే స్లాటులో పెట్టి పరీక్షించాలి. అన్నీ అక్కడే విఫలమైతే, పలకలను కొనేముందు ఆ స్లాటును అనుమానించడం మంచిది.