మీకు తెలుసా? చక్రాల మీద ఇల్లు!

రిటైరయ్యాక ఇంటికి తాళం వేసి, మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్న బండిలో ఊళ్లు పట్టుకు తిరిగే ఒక విదేశీ జంటను టీవీలో చూసి, "మనమూ అలా పోదామా?" అంది మా ఆవిడ. బోరబండ సైట్-3లో మా గల్లీకి నీళ్ల ట్యాంకర్ వస్తేనే నాలుగు స్కూటర్లు జరపాలి, మోటార్ హోమ్ ఎక్కడ పెడతాం చెప్పండి? బండి సంగతి దేవుడెరుగు, ముందు వింతలు ఏరడం మొదలుపెట్టాను. ఇదిగో, నా మూట విప్పుతున్నా!

సామాన్లు మోసే వ్యాన్, సినిమా హీరోలు కూర్చునే క్యారవాన్, గోల్కొండ దారిలో ఉన్న కార్వాన్ పేట, ఈ మూడూ ఒకే మాట! బిడారు అని అర్థమొచ్చే పారశీక పదం ఇంగ్లీషులో క్యారవాన్ అయింది, దాని తోక తుంచితే వ్యాన్ మిగిలింది. కుతుబ్‌షాహీల కాలంలో వర్తకుల బిడారులు దిగిన చోటు మాత్రం కార్వాన్‌గానే ఉండిపోయింది.

ఒకే గుంపులో పది పన్నెండు వేల ఎద్దులు! ఇళ్లు కట్టుకోకుండా, పెళ్లాం పిల్లలతో సహా ధాన్యం, ఉప్పు మోసుకుంటూ తిరిగే బంజారాల గురించి 17వ శతాబ్దపు ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే ఇలా రాసిపెట్టాడు. ఇల్లు అక్కర్లేదనుకున్న ఆ జనం పేరే మన పక్కనున్న బంజారాహిల్స్‌ది. అక్కడ ఇప్పుడు గజం ఎంతో అడిగి చూడండి!

హైటెక్ సిటీ దగ్గర్లోని షేక్‌పేటలో మనుషులకే కాదు, ఒంటెలకూ లాడ్జి ఉండేది! అబ్దుల్లా కుతుబ్‌షా కాలంనాటి ఆ సరాయిలో బాటసారులకు గదులు, గుర్రాలకు, ఒంటెలకు శాలలు ఉండేవి.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. తెలుగునాట అందరికన్నా పేరు మోసిన మోటార్ హోమ్ ఏది? ఆలోచించండి... చైతన్య రథం! 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి, అందులోనే పడుకుంటూ, దాని మీద నుంచే ఉపన్యాసాలిస్తూ రాష్ట్రమంతా చుట్టేశారు. స్టీరింగ్ పట్టింది కొడుకు హరికృష్ణ. పార్టీ పెట్టేనాటికి ఎన్టీఆర్‌కు 58 ఏళ్లు, అంటే అప్పటి సర్కారు ఉద్యోగి రిటైరై ఇంటికెళ్లే వయసు! 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయిన ఆయన, ఆ ఏడాదే ఉద్యోగుల రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కు దించారు. తాను ఆ వయసు దాటాకే కొత్త కొలువులో చేరిన మనిషి కదా, ఈ లెక్క నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అదే రిటైర్మెంటు వయసు ఇప్పుడు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62! కాబట్టి తిరుగుళ్లు మొదలుపెట్టే విషయంలో హైదరాబాదు ఉద్యోగి విజయవాడ ఉద్యోగి కంటే ఒక ఏడాది ముందున్నట్టే.

పదిహేను నెలల పదిహేను రోజులు! మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న బయల్దేరి, డేరాలు వేసుకుంటూ, దాదాపు వందమంది పరివారంతో కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారిలో మన హైదరాబాదూ చూశారు. వందమందికి రోజూ రెండు పూటలా వంట! మా ఇంటికి నలుగురు చుట్టాలొస్తేనే సిలిండర్ వైపు చూస్తాం.

షికారు కోసమే కట్టించుకున్న తొలి క్యారవాన్ ఒక రిటైరైన డాక్టరుగారిది, లాగింది రెండు గుర్రాలు! బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన గోర్డన్ స్టేబుల్స్ 1885లో ఆ రెండు టన్నుల బండిలో కుక్కను, చిలుకను వెంటబెట్టుకుని దాదాపు 2,100 కిలోమీటర్లు తిరిగాడు. ఎదురొచ్చేవాళ్లను తప్పుకోమనడానికి ముందు మూడు చక్రాల సైకిల్ మీద ఒక నౌకరు! ట్రాఫిక్ వేళ బోరబండ బస్టాండు దగ్గర అలాంటివాడు ఒకడుంటే ఎంత బాగుండు.

మన ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. దాని చుట్టూ 5,700 సార్లు తిరగగలరా? గుంతర్ హోల్టోర్ఫ్ అనే జర్మన్ పెద్దమనిషి 1989 నుంచి 2014 దాకా ఒకే బెంజ్ జీపులో దాదాపు అంత దూరం, అంటే సుమారు 9 లక్షల కిలోమీటర్లు తిరిగాడు. చంద్రుడి దాకా వెళ్లి వచ్చినా ఇంకా లక్ష మిగులుతుంది! చాలా ఏళ్లు భార్య క్రిస్టీన్ పక్క సీట్లో ఉంది. 2010లో ఆమె పోయాక, ఆమెకిచ్చిన మాట కోసం ఆయన తిరుగుతూనే ఉన్నాడు.

బండే అక్కర్లేదన్న జంట కూడా ఉంది! కొచ్చిలో టీకొట్టు నడిపిన విజయన్, మోహన దంపతులు ఆ సంపాదనతోనే 26 దేశాలు చూశారు.

చంద్రుడి మీద నడిచొచ్చినవాళ్లనూ మోటార్ హోమ్‌లాంటి బండిలోనే బంధించారు! 1969లో అపోలో-11 వీరులు ముగ్గురూ ఓడ మీదికి చేరగానే, చంద్రుడి క్రిములేవైనా అంటుకున్నాయేమోనని మార్పులు చేసిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌లో పెట్టి తలుపేశారు. అధ్యక్షుడు నిక్సన్ కిటికీ అద్దం బయటి నుంచే పలకరించి వెళ్లాడు!

ఒక్క రాత్రి పడుకుంటే ఆ రాష్ట్రం మనిషైపోవచ్చు! ఏడాది పొడుగునా బండిలోనే బతికే అమెరికన్లు సౌత్ డకోటాలో ఒక రాత్రి బస రసీదు చూపించి డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంటారు. మన దగ్గర చిరునామా మార్పించుకున్నవాళ్లకు ఇది అద్భుతంలా తోస్తుంది.

అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ రెండు మూడు వేలమందే ఉండే ఊరు, కానీ చలికాలం వస్తే ఎడారి నిండా వేలకు వేల మోటార్ హోమ్‌లు! ఆ ఊరి పెద్ద ఆకర్షణ ఏమిటనుకున్నారు? హై జాలీ అనే ఒంటెలవాడి సమాధి, దాని శిఖరాన ఒక లోహపు ఒంటె. మళ్లీ బిడారే!

ఇంట్లో ఇన్వర్టర్‌కు పెట్టే 150 ఏహెచ్ బ్యాటరీలో నిండా ఉండేది 1.8 యూనిట్లే! బండిలో ఒకటిన్నర టన్నుల ఏసీ వేస్తే గంట దాటగానే అది చేతులెత్తేస్తుంది.

200 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే ఇద్దరు లావుపాటి బావమరుదులను ఎక్కించుకున్నట్టే! లీటరు నీళ్లు కిలో బరువు మరి.

బతికే ఉన్నామని ఏటా రుజువు చూపాల్సినవాళ్లు ఎవరు? పింఛనుదారులు! 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఇప్పుడు ఫోన్ ముందు ముఖం పెట్టి రెప్ప ఆర్పితే చాలు, ఏ కొండ మీద ఉన్నా బతికున్నట్టే లెక్క.

కొండ అంటే గుర్తొచ్చింది. లేహ్‌లో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి! సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి తగ్గడంతో, గిన్నెలో కందిపప్పు మెత్తబడాలంటే చాలా ఎక్కువసేపు పడుతుంది, కుక్కర్ ఉంటేనే త్వరగా ఉడుకుతుంది. ఇది చదివి వినిపించిన సాయంత్రమే మా ఆవిడ ఎర్రగడ్డ రైతుబజారుకు కూరలకని వెళ్లి, కుక్కర్‌కు కొత్త రబ్బరు తెచ్చిపెట్టుకుంది.