నల్లబల్ల ప్రక్కన తెర

1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన భారతదేశ విద్యాచరిత్రలో అపూర్వమైన ప్రయోగమొకటి ప్రారంభమైనది. అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా తన ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఏడాదిపాటు మన దేశమున కుపయోగపడునట్లు నిలిపెను. దాని ద్వారా ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు చేరినవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసారభాషలలో తెలుగు ఒకటి. కోళ్లదడులకు వాడు ఇనుపతీగెల వలతో అల్లిన, మూడు మీటర్ల వ్యాసముగల గొడుగువంటి ఏంటెనాలు పల్లెలలో వెలసినవి. 'సైట్' అను పేర ప్రసిద్ధికెక్కిన ప్రయోగ మిదియే.

ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు వచ్చెడివి. ఒక్కొక్క భాషలో పిల్లలకు దక్కిన కాలము అరగంటకు లోపే. అది ముగిసిన వెంటనే తెర మౌనము వహించును. మిగిలిన దినమంతయు ఉపాధ్యాయునిదే.

తెరకు చెప్పుట తెలియును గాని వినుట తెలియదు. వేలకొలది ఊళ్లతో అది ఒకే స్వరమున, ఒకే వేగమున మాటలాడును. వెనుకవరుసలోని బాలుడు కనుబొమలు ముడిచినాడని కాని, ముందు కూర్చున్న బాలిక చేయి ఎత్తినదని కాని అది ఎరుగదు. ఆ చేతిని చూడవలసినవాడు గదిలోనున్న గురువు.

ఈ సంగతి ప్రయోగకర్తలు గుర్తింపకపోలేదు. ఆ ఏడాదిలోనే రెండు విడతలుగా, దాదాపు 50 వేలమంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నిచ్చిరి. ఆ శిక్షణను వారు టెలివిజనుకే వదలిపెట్టలేదు. రేడియో పాఠములు, అచ్చు ప్రతులు, చేతితో చేయు ప్రయోగములు, మార్గదర్శకుని సమక్షమున చర్చలు దానికి తోడు చేసిరి. ఉపాధ్యాయునకు నేర్పుటకే తెర ఒక్కటి చాలనప్పుడు, పసివానికి మాత్రమెట్లు చాలును?

పెసరగింజ మొలకెత్తు పాఠమునే తీసికొందము. కొంతకొంత వ్యవధినిచ్చి తీసిన ఛాయాచిత్రములను వరుసగా నడిపించినచో, దినములు పట్టు మార్పు నిమిషములోనే తెరపై సాగిపోవును. పొర పగులుట, వేరు దిగుట, ఆకు విచ్చుట అన్నియు కన్నుల కట్టినట్లు కనిపించును. ఏ నల్లబల్లయు ఇంత చూపజాలదు. కాని మొలకకు ఓర్పు కావలెనన్న సత్యము మాత్రము ఆ వేగములో మరుగుపడును. తడిగుడ్డలో పది గింజలు కట్టించి, ప్రతి ఉదయము విప్పి చూపించి, "ఈ రెండు మొలవలేదేమి?" యని ప్రశ్నించు గురువు ఆ సత్యమును తిరిగి వెలికితెచ్చును. చూచినది తెలిసినదేయను భ్రమనుండి బాలుని తప్పించునది ఆ ప్రశ్నయే.

1976 జులై 31వ తేదీతో ప్రయోగము ముగిసినది. ఉపగ్రహము వేరుచోటికి తరలిపోయినది. కాని శిక్షణలో గురువులు గ్రహించినది వారివెంటనే నిలిచినది. దానిని మరలించు శక్తి ఏ ఉపగ్రహమునకును లేదు.

అటుపిమ్మట సాధనములు పెరిగినవి. 2004లో మన దేశమే విద్యకై ఎడ్యుశాట్ ఉపగ్రహమును ప్రయోగించినది. 2017లో 'దీక్ష' అను జాతీయ వేదిక వెలసి, పాఠ్యపుస్తకములలోని చదరపు గుర్తును సెల్‌ఫోనుతో చూచినంతనే దృశ్యపాఠము తెరచుకొను సదుపాయము కల్పించినది. మహమ్మారివలన బడులు మూతపడిన 2020లో తెలుగు రాష్ట్రములు రెండును దూరదర్శన్ ద్వారా పాఠములు వినిపించినవి. తెర లేని ఇంటి పిల్లవాని కవి అందలేదు. తెర ఉన్నవానికి కలిగిన సందేహము తెరను దాటి రాలేదు. గురువు లేని లోటు ఇంటింట తెలిసివచ్చినది.

కావున నేటి ఉపాధ్యాయుడు యంత్రమునకు వెరవనక్కరలేదు. తన ఆసనమును దానికి అప్పగింపనక్కరయు లేదు. దృశ్యము చూపుటకు ముందు, దేనిని కనిపెట్టి చూడవలెనో పిల్లలకు తెలుపవలెను. నడుమ అవసరమైనచోట ఆపవలెను. ముగిసినపిమ్మట తెర నార్పి, వారిచేత మాటలాడింపవలెను. సైట్ నాటి తెరను ఆపుటకు గురువున కవకాశము లేకుండెను. నేడు ఆ మీట అతని చేతిలోనే యున్నది.