సాగరగర్భంలో మాంగనీసు

సముద్రానికి మన పూర్వులు పెట్టిన పేర్లలో రత్నాకరం ఒకటి. అయితే హిందూ మహాసముద్రపు అట్టడుగున శాస్త్రజ్ఞులకు కనిపించినవి ధగధగలాడే రత్నాలు కావు; చిన్న చిన్న బంగాళాదుంపల వంటి నల్లని ఉండలు. అనేక లోహాలు కలిసి ఉండడం వల్ల వీటిని బహులోహపు ఉండలు అంటారు. వీటి బరువులో దాదాపు నాలుగోవంతు మాంగనీసే.

మాంగనీసు తెలుగువారికి కొత్త కాదు. 19వ శతాబ్దపు చివరి దశకంలోనే విజయనగరం ప్రాంతంలో దీనిని తవ్వి తీశారు. ఉక్కు తయారీకి అత్యవసరమైన ఈ ఖనిజం నేలమీదే దొరుకుతుండగా, దానికోసం సముద్రపు అడుగుకు దిగవలసిన పని ఏమిటి? ఆ ఉండలలో మాంగనీసుతోపాటు నికెలు, రాగి, కోబాల్టు ఉండడమే అందుకు కారణం. తుప్పు పట్టని ఉక్కుకు నికెలు కావాలి. విమానాల ఇంజన్లలో వాడే మిశ్రలోహాలకు, సెల్‌ఫోన్ల బ్యాటరీలకు కోబాల్టు కావాలి. ఈ రెండు లోహాలకూ మన దేశం ప్రధానంగా దిగుమతులపైనే ఆధారపడుతున్నది.

ఈ ఉండలు ఏర్పడే తీరు విచిత్రమైనది. సముద్రపు అడుగున పడిన ఒక సొరచేప పన్నో, చిన్న రాతిముక్కో కేంద్రంగా నిలుస్తుంది. నీటిలోనూ, అడుగునున్న మెత్తని మట్టిలోనూ కరిగి ఉన్న లోహాలు దాని చుట్టూ ఉల్లిపాయ పొరల్లా పేరుకుంటాయి. పది లక్షల సంవత్సరాలకు పెరిగేది కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే! బ్రిటన్‌కు చెందిన చాలెంజర్ నౌక 1872-76 మధ్య సాగించిన పరిశోధన యాత్రలో వీటిని వెలికితీసి లోకానికి పరిచయం చేసింది.

మన దేశంలో ఈ అన్వేషణ 1981 జనవరి 26న మొదలైనదని చెప్పవచ్చు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వారి గవేషణి నౌక ఆనాడు అరేబియా సముద్రం నుండి తొలి ఉండను పైకి తెచ్చింది. 1987లో మధ్య హిందూ మహాసముద్రంలో లక్షా యాభై వేల చదరపు కిలోమీటర్ల ప్రాంతం అన్వేషణకై మనకు లభించింది. తరువాత అందులో సగం విడిచిపెట్టగా 75 వేలు మిగిలింది. అక్కడ 38 కోట్ల టన్నుల ఉండలు ఉన్నాయని అంచనా. వాటిలో నికెలు సుమారు 47 లక్షల టన్నులు, కోబాల్టు అయిదున్నర లక్షల టన్నులు. అయితే ఆ సంపదకు మనం యజమానులం కాము. ఏ దేశపు సరిహద్దుకూ చెందని సముద్రపు అడుగు మానవజాతి ఉమ్మడి వారసత్వమని అంతర్జాతీయ చట్టం చెబుతున్నది. మనకున్నది జమైకాలోని అంతర్జాతీయ సముద్రతల ప్రాధికార సంస్థతో 2002లో చేసుకొన్న ఒప్పందం ఇచ్చిన అన్వేషణ హక్కు మాత్రమే.

నిధి ఎక్కడున్నదో తెలిసినంత మాత్రాన చేతికి రాదు. ఉండలు అయిదు వేల మీటర్లకు మించిన లోతున, కటిక చీకటిలో ఉన్నాయి. అక్కడ ప్రతి చదరపు సెంటీమీటరుపై పడే నీటి ఒత్తిడి అయిదు వందల కిలోలకు పైమాటే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన యంత్రం 2021లో 5,270 మీటర్ల లోతున మెత్తని బురదపై నడిచింది. దాని పేరు వరాహ! సముద్రంలో మునిగిన భూమిని పైకెత్తిన అవతారం పేరును ఎంచుకొన్నవారి చమత్కారం మెచ్చదగినదే. కాని నడవడం వేరు, టన్నులకొద్దీ ఉండలను ఏరి, కిలోమీటర్ల పొడవైన గొట్టం గుండా ఓడలోకి ఎక్కించడం వేరు. ఆ తరువాత లోహాలను వేరుచేయడం మరొక కష్టం. నికెలు, కోబాల్టు విడి రేణువులుగా ఉండక ఆక్సైడులలో ఇమిడిపోయి ఉంటాయి. కనుక దంచి కడిగితే చాలదు. రసాయనిక ద్రావణాలలో కరిగించి రాబట్టాలి.

వీటన్నిటికంటె పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ బురద నేలలో గట్టి ఆధారం ఈ ఉండలే. స్పంజికల వంటి ఎన్నో జీవులు వీటినే అంటిపెట్టుకొని బతుకుతాయి. ఉండలను తీసివేస్తే వాటి నివాసం పోతుంది. మళ్ళీ ఏర్పడడానికి లక్షల ఏళ్ళు పడుతుంది. పెరూ దేశానికి ఎదుటి సముద్రంలో జర్మన్ శాస్త్రజ్ఞులు 1989లో పరీక్షగా అడుగునేలను నాగలి వంటి పరికరంతో దున్నారు. 2015లో తిరిగి వెళ్ళి చూడగా ఆ చాళ్ళు ఇంకా స్పష్టంగా కనిపించాయి. అక్కడి జీవజాలం అప్పటికీ పూర్తిగా కోలుకోలేదు.