సంతలో పళ్లు చూస్తారు, సత్తా దుక్కిలో తేలుతుంది

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట. కాలేజీల్లో రాణించిన కుర్రాళ్లను అక్కడి వృత్తి జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అట్టడుగున నిలిచిన జట్టుదే మొదటి వంతు. తప్పు ఎంపిక జరిగితే ఏళ్ల తరబడి నష్టమే. అందుకే ఈ ఏటి కుర్రాళ్లు గట్టి గింజలా, తాలా అని నిపుణులు ముందే లెక్కకడతారు. బరువు తూస్తారు, పరుగును గడియారంతో కొలుస్తారు.

అయినా అంచనా తప్పుతుంది. 1983లో బంతి విసిరే ఆటగాళ్లు ఆరుగురు మొదటి విడతలోనే ఎంపికయ్యారు. వారిలో అందరికన్నా వెనుక, 27వ వాడుగా పిలుపందుకున్న డాన్ మరీనో మరుసటి ఏడే 48 సార్లు తన విసురుతో జట్టుకు ‘టచ్‌డౌన్’ సాధించిపెట్టి అప్పటి రికార్డు తిరగరాశాడు. 2000లో 198 మంది తర్వాత ఎంపికైన టామ్ బ్రేడీ ఏడుసార్లు సూపర్ బౌల్ గెలిచాడు.

పళ్లు చూసి ఎద్దును కొనవచ్చు. దాని సత్తా మాత్రం కాడి కట్టాకే తెలుస్తుంది.