మహాసభకు పోవువారు చేయదగిన సన్నాహము

మన సంఘము తరఫున ఈ సంవత్సరము ఒక ప్రతినిధిని వ్యవసాయ సభకు పంపవలెనని పాలకవర్గమువారు నిశ్చయించియున్నారు. ఆ ప్రతినిధి యెవరైనను, వారు తమవెంట ఏమేమి తీసికొని పోవలెనో, పోవుటకు ముందు ఏమేమి చేయవలెనో వ్రాయుమని కొందరు సభ్యులు మమ్ము కోరిరి. ఉపదేశములు వల్లించుటకంటె, 2023వ సంవత్సరమున విశాఖపట్టణపు సభకు మేము చేసికొన్న సన్నాహమును ఉన్నదున్నట్లు విన్నవించుట మేలని తలచితిమి. అందు మేము చేసిన పొరపాటొకటి గలదు. దానిని దాచక చెప్పుటయే ఈ వ్యాసమునకు ముఖ్యోద్దేశము.

ఆ సభ చిన్నది కాదు. అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషను అను సంస్థ 1950లో స్థాపింపబడి, ఢిల్లీ కేంద్రముగా పనిచేయుచున్నది. దాని మహాసభ సామాన్యముగా మూడేండ్లకొకమారు ఒక్కొక్క దేశమునందు జరుగును. ఆరవ మహాసభ 1966లో ఢిల్లీయందు జరిగిన పిదప, మరల అది మన దేశమునకు వచ్చినది 2023లోనే. ఇరువదియైదవదగు ఆ మహాసభ నవంబరు మొదటి వారమున విశాఖపట్టణములో, సముద్రపుటొడ్డుననున్న ఒక పెద్ద విడిది హోటలునందు జరిగెను. సేద్యమునకు నీటి కొరతను ఎదుర్కొనుట ఎట్లు? ఇదియే ఆనాటి ప్రధాన చర్చ.

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మన సభ్యుల పొలములు గచ్చిబౌలికి పడమటగా చేవెళ్ళ, శంకరుపల్లి ప్రాంతములందున్నవి. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి ఆ దిక్కున మేడలు మొలచుచున్నవేగాని, ఆ మేడలలోనివారు తిను టమాటా, ఆకుకూర, బీర, కాకర మన బోరుబావుల నీటితోనే పండుచున్నవి. క్రింద నల్లరాయి. ఆ రాతిపైనున్న చివికిన పొరలోను, రాతి పగుళ్ళలోను నిలిచినంతయే మన నీరు. అట్టి చోటినుండి అట్టి సభకు ఒకరు పోవుట ఉచితమేయని అందరును తలచిరి, ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరు మన సంఘమున మొదటి వాటాదారులలోనివారగు ఒక వృద్ధ రైతు. సర్వసభ్య సమావేశమున మా ప్రయాణపు ఖర్చు తీర్మానము చదువగానే ఆయన లేచి, “సారూ, నీళ్ళు లేవని చెప్పుకోను నీళ్ళ ఒడ్డుకే పోవాల్నా? అక్కడి మేడల కూసుండి మాట్లాడితే నా బోరుల నీళ్ళు పెరుగుతయా?” అని యడిగెను. కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ సొమ్ము మాది కాదు. సభ్యులు కూరగాయల బుట్టలు మోసి కూడబెట్టిన సొమ్ము.

1844లో ఇంగ్లండునందలి రోచ్‌డేలు పట్టణమున నేతగాండ్రు మొదలగువారు ఇరువదియెనిమిదిమంది కలిసి సహకార సంఘమును స్థాపించిరి. మిగులులో కొంత భాగమును సభ్యుల విద్యకు వినియోగించుట వారి నియమములలోనొకటి. ఈ సంగతిని మేమానాడు సభలో చెప్పితిమి. వృద్ధుడు విని, “విద్యకైతే సరే. తెచ్చిన విద్య మాకు అప్పజెప్పాలె” అని కూర్చుండెను. తీర్మానము నెగ్గెను. మేము చిన్నతనమున చదివిన మిషను పాఠశాలలో ఒక ఉపాధ్యాయులుండిరి. పరుల సొమ్ము చేతబట్టినవాడు, లెక్క చెప్పవలసిన దినమును ఆనాడే వ్రాసికొనవలెనని వారు చెప్పెడివారు. మేము తిరిగివచ్చు తేదీకి మరునాటిని నోటుపుస్తకములో వ్రాసికొని పనికి దిగితిమి.

మేము తీసికొని పోదలచిన విషయము బిందుసేద్యము. పది సంవత్సరములుగా మేము ఊరూర దానినే ప్రదర్శించి చూపితిమి. కాలువకట్టి పారించుటకంటె డ్రిప్పు గొట్టములచే మొక్క మొదటికే నీరందించినచో నీరు ఆదా యగునని బోధించితిమి. ఈ పత్రికయందే వ్రాసితిమి. నలువది పుటల నివేదికను సిద్ధము చేసి, దానిని తెరపై చూపుటకు పటములుగా మార్చుటకై ఒక సభ్యుని కుమారుని సాయము కోరితిమి. ఆ చిన్నవాడు హైటెక్ సిటీయందు కంప్యూటరు ఉద్యోగి. ఒక ఆదివారము మధ్యాహ్నము మేము వానియొద్దకు పోవుచు దుర్గము చెరువుమీది తీగెల వంతెనను దాటితిమి. కుతుబుషాహీల కాలమున ఆ చెరువు గోలకొండ కోటకు త్రాగునీరిచ్చినది. 2020లో దానిపై ఆ వంతెన వెలసినది. ఇప్పుడు జనులు దానిని చూచి సంతోషించుటకే పోవుదురు.

చిన్నవాడు నివేదికను ఆసాంతము చదివి, “సారూ, మాట్లాడ నవకాశము దొరికితే మూడు నాలుగు నిమిషములు. ఇందులో ఒక్క మాట చెప్పమంటే ఏది చెప్తారు?” అని యడిగెను. “డ్రిప్పుచే నీరు ఆదా యగును” అంటిమి. “ఎంత ఆదా అయింది? కొలిచిన లెక్క ఉన్నదా?” అని మరల ప్రశ్నించెను. మాయొద్ద దిగుబడి లెక్కలు గలవు, ఆదాయపు లెక్కలు గలవు, ఎన్ని ఎకరములకు గొట్టములు పరచితిమో ఆ లెక్క గలదు. బోరునుండి బయటికి వచ్చిన నీటి లెక్క లేదు. సభకు పదునెనిమిది దినములు మాత్రమే గడువుండెను.

మరునాడే పదునొకండు బోరులను ఎన్నుకొంటిమి. ఆరింటికి డ్రిప్పు గలదు, ఐదింటికి లేదు. కొలుచు పద్ధతిని ఇచ్చట వ్రాయుచున్నాము, ఎవరైనను చేయవచ్చును. రెండువందల లీటర్ల డ్రమ్మును పంపు గొట్టము క్రిందనుంచి, నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టునో గడియారముతో చూడవలెను. ఎనుబది సెకండ్లు పట్టినచో సెకండుకు రెండున్నర లీటర్లు, గంటకు తొమ్మిదివేల లీటర్లు వచ్చినట్లు. పంపు దినమునకు ఆరు గంటలు నడిచినచో ఏబదినాలుగువేల లీటర్లు. ఒకమారు కాక మూడుమారులు నింపి సగటు తీయవలెను. పంపు నడిచిన గంటలను రైతే పంపుపెట్టె తలుపునకు అంటించిన కాగితముపై గీటులు పెట్టవలెను. ఇంతకుమించి యంత్రమేదియు నక్కరలేదు.

ఇది మేము కనిపెట్టినది కాదు. 2003 మొదలుకొని కొన్ని సంవత్సరములు, ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి ఏడు జిల్లాలలో రైతులే తమ వానను, బావుల మట్టమును, పంపుల ధారను కొలిచి వ్రాసికొని, రబీకి ముందు ఊరంతయు కూర్చుండి నీటి పద్దు వేసికొను పథకము నడిచినది. మన పొరుగుననున్న మహబూబ్‌నగరము, నల్లగొండ జిల్లాలు అందులోనివే. మా యొద్ద ఆ పథకపు పుస్తకములు ఏండ్లుగా ఉన్నవి. బిందుసేద్యపు ప్రచారమున తలమునకలై మేము వానిని విప్పి చూడలేదు.

సర్వసభ్య సమావేశమున మాకడ్డు చెప్పిన వృద్ధుడు, పిలువకయే ప్రతి ఉదయము డ్రమ్మువెంట వచ్చెను. ఆయన బోరునకు డ్రిప్పు లేదు. ప్రక్క పొలము వానికి గలదు; ఆ పొలమును మేము మూడుమారులు ఇతర గ్రామములవారికి ఆదర్శముగా చూపియుంటిమి. రెండు వారముల గీటులు కూడగా తేలినదేమనగా, ఇద్దరి పంపులును ఇంచుమించు సమానముగనే నీరు తోడినవి. డ్రిప్పు గల ఆరు బోరులలో నాలుగింటి సంగతి ఇంతియే. కారణము చూచుటకు పొలము చాలును. పూర్వము ఎకరము టమాటా వేసినవాడు, మిగిలిన నీటితో రెండెకరములు వేసియున్నాడు. ఉచిత విద్యుత్తు ఇరువదినాలుగు గంటలు 2018 జనవరి 1న మన రాష్ట్రమున ఆరంభమైన పిమ్మట పంపును ఆపుమని చెప్పునది గడియారమును కాదు, బిల్లును కాదు.

వృద్ధుడు కాగితమును చాలసేపు చూచి, “సారూ, మిగిలినయన్న నీళ్ళు ఏడున్నయి?” అని యడిగెను.

మేము బదులు చెప్పలేకపోతిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు చిన్నవాడు ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థవారు 2017లో ప్రచురించిన నివేదికనొకదానిని మాకు పంపెను. పలు దేశముల అనుభవమును పరిశీలించి, నీరు పొదుపు చేయు పరికరములు వచ్చిన చోట్ల, తోడుటకు హద్దు లేనియెడల మొత్తము వాడకము తగ్గకపోవుటయే కాక పెరుగుటయు కలదని దానిలో వ్రాయబడియున్నది. అంతేకాదు. కాలువ పారించినపుడు వృథాయని మేము నిందించిన నీటిలో కొంత మరల నేలలోనికింకి బావికే చేరును. డ్రిప్పు ఆ దారిని మూయును. పైగా సాగు విస్తరించినచో బావికి రెండువిధముల నష్టము.

సోదరులు మమ్ము అపార్థము చేసికొనకుందురుగాక. డ్రిప్పు చెడ్డదని మేము చెప్పుట లేదు. అదే నీటితో రెండింతల పంట పండించి అప్పు తీర్చిన కుటుంబములను మేమెరుగుదుము. రైతు లాభమునకు అది మంచి సాధనము. అయితే రైతు లాభమును మేము బావి లాభమని వ్రాసితిమి. ఈ రెండును వేరు. ఈ భేదమును పది సంవత్సరములు గమనింపకుండుటయే మా పొరపాటు.

నలువది పుటల నివేదికను ప్రక్కనబెట్టితిమి. ప్రయాణమునకు మూడు దినములున్నదనగా ఒకే కాగితము వ్రాసితిమి. దానిపై పదునొకండు బోరుల లెక్క, దాని క్రింద వృద్ధుని ప్రశ్న. “పది సంవత్సరముల శ్రమను ఒక కాగితముపై పెట్టి, తప్పని చెప్పుకొనుటకు అంత దూరము పోవుట యెందుకు?” అని మా యింటివారు అడిగిరి. అది న్యాయమైన ప్రశ్నయే. ఒకప్పుడు మాకును మానుకొందమా యని తోచినది. కాని గొప్పలు చెప్పుకొనువారు సభకు పలువురు వత్తురు. సందేహము తీసికొని పోవువానికే అక్కడి పెద్దలతో పని యుండును.

ఇక మూట సంగతి. నవంబరు విశాఖకు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ పట్టణమును ఎట్లు కూల్చినదో అందరెరుగుదురు. కనుక కాగితములకు మైనపు గుడ్డ సంచి, గొడుగు, రెండు జతల నూలు బట్టలు తీసికొంటిమి. ఆ విడిది హోటలులో బస చేయలేదు. పట్టణములో సామాన్యమైన లాడ్జిలో దిగి, భీమిలి పోవు బస్సులో సముద్రపుటొడ్డు వెంబడి సభకు పోవునట్లు ఏర్పాటు చేసికొంటిమి. లింగంపల్లి స్టేషనునుండి వేకువనే బయలుదేరు జన్మభూమి రైలులో రెండవ తరగతి టిక్కెట్టు కొంటిమి. పగటి రైలు గనుక, కృష్ణను, గోదావరిని, వాని డెల్టాలను కిటికీలోనుండి చూడవచ్చును. ధవళేశ్వరము ఆనకట్టను ఆ కమిషనే 2022లో ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడముల జాబితాలో చేర్చినది. అంతకుముందే, 2018లో, మన తెలంగాణమునందలి సదర్మాటు ఆనకట్టయు, కామారెడ్డి పెద్దచెరువును చేరియున్నవి. తూములు, తూముల కాపరులు, వంతులు గల ఆ కట్టడములలో ఎవరికెంత నీరో ముందే నిర్ణయము. మన బోరులకు తూము లేదు, వంతు లేదు. రైలులో మా ఆలోచన అంతయు దీని చుట్టునే తిరిగినది.

తిరిగివచ్చిన మరునాడు, నోటుపుస్తకములో వ్రాసికొన్న తేదీనాడే, సభ్యుల యెదుట ఖర్చు లెక్క చదివి మిగిలిన సొమ్మును కోశాధికారికి అప్పగించితిమి. తెచ్చిన విద్యయు అప్పగించితిమి. అది ఇంతియే: పొదుపు చేసిన నీటిలో ఎంత బావికి విడువవలెనో పంట వేయుటకు ముందే తమలో తాము నిర్ణయించుకొననిది ఏ పరికరమును బావిని కాపాడదు. సగము విడుతుమని తొమ్మండుగురు సభ్యులు చేవ్రాలు చేసిరి. అందులో ఇద్దరు ఆ వేసవిలోనే మాట తప్పిరి. తక్కినవారు నేటికిని గీటులు పెట్టుచున్నారు. అడ్డు చెప్పిన వృద్ధుడు చేవ్రాలు చేసి, మరుసటి సంవత్సరము డ్రిప్పు పెట్టించుకొనెను; ఎకరము మాత్రము పెంచలేదు.

కావున ఈ సంవత్సరము సభకు పోబోవు సోదరునికి మా మనవి. బట్టలు సర్దుకొనుట ఒక గంట పని. దానికి ముందు ఒక మాసము, తాము అక్కడ చెప్పదలచిన మాటను ఇచ్చటి పొలములో కొలిచి చూచుకొనవలెను. సంఘములో తమతో ఏకీభవింపని సభ్యుడొకడుండును. వానిని వెంటబెట్టుకొని కొలువవలెను. డ్రమ్ము సంఘ కార్యాలయపు వరండాలోనే యున్నది. కావలసినవారు కార్యదర్శి పుస్తకములో వ్రాసి తీసికొని పోవచ్చును.