తలకాడు ఇసుకలో మన పిల్లలు

టూరు అనగానే మైసూరు ప్యాలెస్, జూ, బృందావన్ గార్డెన్స్ అని పిల్లలు ముందే లెక్కలేసుకుంటారు. ఈసారి మేం తలకాడును కూడా చేర్చాం. గంగరాజుల తొలి రాజధాని కువలాలపురం, అంటే నేటి కోలారు. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడేదాకా మన చాకవేలు, బాగేపల్లి, చింతామణి అన్నీ కోలారు జిల్లావే. ఇక్కడి నుంచి కావేరి ఒడ్డుకు తరలిపోయిన రాజుల ఊరు చూడ్డమంటే మన జిల్లా చరిత్రలో రెండో పేజీ తిప్పడమేనని తరగతిలో చెప్పాం.

బస్సు దిగి కాస్త నడిచామో లేదో కాళ్ల కింద మట్టి పోయి ఇసుక వచ్చింది. దిబ్బలు, నీలగిరి చెట్లు, వాటి మధ్య పైకప్పు వేసిన నడకదారి. గుడి గోపురం కోసం పిల్లలు తలెత్తి వెతికారు. కానీ పాతాళేశ్వరుణ్ణి చూడాలంటే మెట్లు దిగాలి. దిగి నిలబడితే చుట్టూ ఇసుక గట్టు మన తలకంటే ఎత్తు. మరుళేశ్వరుడూ అంతే. కీర్తినారాయణ ఆలయం హోయసల విష్ణువర్ధనుడిది. 1116లో చోళుల నుంచి తలకాడును గెలుచుకుని కట్టించాడు. వైద్యేశ్వర, అర్కేశ్వర, ముడుకుతొరె కొండ మీది మల్లికార్జున ఆలయాలు కలిపితే పంచలింగాలు. కొన్నేళ్లకోసారి కార్తీకంలో వచ్చే పంచలింగ దర్శనం 2020 డిసెంబరులో కరోనా నిబంధనల మధ్యే జరిగింది.

పిల్లలకు బాగా పట్టింది మాత్రం అలమేలమ్మ కథ. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నం తీసుకున్నప్పుడు, అక్కడి విజయనగర ప్రతినిధి భార్య అలమేలమ్మ నగల కోసం భటులు వెంటపడ్డారట. ఆమె తలకాడు ఇసుకపాలు కావాలని, మాలంగి మడుగు కావాలని, మైసూరు దొరలకు బిడ్డలు పుట్టకూడదని శపించి కావేరిలో దూకిందట. ఆరవీటి వంశం కొంతకాలం ఏలింది మన పక్కనున్న పెనుకొండ నుంచే. అందుకేనేమో, "పేరు మనదే కదా మేడం!" అంది ఒకమ్మాయి. వెంటనే ఇంకొకడు, "శాపం నిజమేనా?" అన్నాడు.

నిజం, అబద్ధం అని మేం తీర్పు చెప్పలేదు. రెండు కాలాలు పక్కపక్కన రాయించాం. తలకాడుకు ఎగువన మాధవమంత్రి ఆనకట్ట ఉంది. అది 14వ శతాబ్దం నాటిదంటారు. నీళ్లు మళ్లడంతో ఏటి ఇసుక బయటపడి ఎండిందని, గాలి దాన్ని ఊరి మీదికి మోసిందని పరిశోధకులు చెప్పే కారణం. ఆనకట్ట ముందా, శాపం ముందా? తీసివేత వచ్చిన ఆరో తరగతి పిల్లవాడు కూడా చెప్పేశాడు. అయినా వాళ్లు కథను వదల్లేదు, మేమూ వదలమనలేదు. ఊరు పోయిన బాధ జనం నోట ఇన్ని తరాలు నిలిచింది ఆనకట్ట లెక్కతో కాదు, ఆమె పేరుతోనే.

ఒడ్డున కావేరి నిండుగా ఉంది. లోతు తెలియని ఏరు కాబట్టి పిల్లల్ని మోకాలి నీళ్లు దాటనివ్వలేదు (తీసుకెళ్లే ఇతర బడులవాళ్లూ ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు). ఇసుకలో ఆడుతూ ఒకడు గుంట తవ్వాడు. అడుగున నీళ్లు ఊరాయి. చుట్టూ చేరినవాళ్లకు అదో వింత! దాన్ని చెలమ అంటారని మేం చెప్పాల్సి వచ్చింది. పాపాఘ్ని మన జిల్లాలోనే పుట్టి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. దాని ఇసుకలో చెలమ తవ్వి బిందె నింపుకున్న అవ్వలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. మనవళ్లకు ఇసుక అంటే ట్రాక్టరు లోడు, నీళ్లంటే వెయ్యి అడుగులు దాటిన బోరు. తలకాడును వచ్చిన ఇసుక ముంచింది. మన ఏటి నీటిని పోయిన ఇసుక తీసుకుపోయింది. ఇందులో శపించినవాళ్లెవరూ లేరు.

తిరుగుదారిలో నెల్లూరు జిల్లా పెరుమాళ్లపాడు సంగతి చెప్పాం. 2020లో అక్కడ పెన్న ఇసుక తవ్వితే నాగేశ్వరస్వామి గుడి బయటపడింది. "ఆ ఇసుకలో మన ఏటిదీ ఉంటుందా?" అని వెనక సీటు నుంచి అడిగారు. మ్యాపు మీద పాపాఘ్ని గీత వెంట వేలు పెట్టి చూసుకోమన్నాం. మర్నాడు, ఇంట్లో అవ్వతాతలను అడిగి పాత చెలమలు ఎక్కడెక్కడ ఉండేవో రాసుకురమ్మన్నాం. ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. వాటిలో రెండింటి చోటు మాకూ తెలియదు.