దిగడానికి సులువైన కారే దూర ప్రయాణానికి మంచి కారు

ఉద్యోగ విరమణ తరువాత మన పల్నాడు కుటుంబాలలో ప్రయాణాలు తగ్గవు, పెరుగుతాయి. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటారు. మనుమల పుట్టినరోజులు, బంధువుల పెండ్లిండ్లు, వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో చూపించుకోవడం, ఇవన్నీ ఉంటాయి. రిటైర్మెంటు సొమ్ము చేతికి రాగానే "ఇక బస్సులు ఎక్కలేము, ఒక కారు కొనుక్కుందాం" అనుకునే దంపతులు ఎందరో. అయితే మైలేజీ, రంగు, కంపెనీ పేరు చూసినంతగా మన మోకాళ్ళను, నడుమును గురించి ఆలోచించము. ఆరోగ్యం వైపు నుంచి కారును ఎలా ఎంచుకోవాలో ఇక్కడ తెలియజేస్తున్నాము.

దిగడం ఎందుకు ముఖ్యం?

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళ, దాచేపల్లి, మిర్యాలగూడ మీదుగా హైదరాబాదుకు దాదాపు ఐదు గంటల ప్రయాణం. ఒంగోలు, నెల్లూరు, తిరుపతి మీదుగా వేలూరుకు 400 కిలోమీటర్ల పైమాటే. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇంత దూరంలో అసలు కష్టం కారు దిగి మళ్ళీ ఎక్కడమే. అందుకే దారిలో టీకి ఆపినా "మీరు తాగి రండి, నేను ఇక్కడే కూర్చుంటాను" అంటారు. మన అమ్మలైతే మూత్రానికి దిగవలసి వస్తుందని బయలుదేరే ముందు నుంచే నీళ్ళు మానేస్తారు. రెంటచింతల ఎండలు తెలిసిన మనకు ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఒంట్లో నీరు తగ్గి కళ్ళు తిరుగుతాయి, మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ రావచ్చు.

ఇంకొక ప్రమాదం కాళ్ళలో రక్తం గడ్డకట్టడం. నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే ఈ ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. విమానానికే కాదు, కారుకు, బస్సుకు, రైలుకు కూడా ఇది వర్తిస్తుంది. ఇది అందరికీ వచ్చేది కాదు, అరుదే. కాని ఇటీవల ఆపరేషను అయినవారు, క్యాన్సరు ఉన్నవారు, లోగడ ఇలా గడ్డకట్టినవారు డాక్టరును అడిగే బయలుదేరాలి.

కాబట్టి సులువుగా దిగగలిగిన కారైతేనే మాటిమాటికి దిగుతాము, నడుస్తాము, నీళ్ళు తాగుతాము.

షోరూములో చేయవలసిన పరీక్షలు

కారు చూడడానికి ఇంటాయన, కొడుకు మాత్రమే వెళ్ళకండి. మోకాళ్ళ నొప్పులున్న ఇంటి పెద్దావిడను తప్పక తీసుకువెళ్ళండి. ఆమె రోజూ కట్టే చీరతోనే ఎక్కి చూడాలి.

1. ముందు సీటులోను, వెనుక సీటులోను ఐదేసి సార్లు ఎక్కి దిగండి. ఎవరూ చేయి పట్టుకోకుండా లేవగలగాలి.
2. కూర్చున్నప్పుడు మోకాళ్ళు తుంటి కంటే పైకి లేవకూడదు. పాదాలు నేల మీద పూర్తిగా ఆనాలి.
3. నడుము వెనుక ఖాళీ ఉండరాదు. సీటు అంచుకు, మోకాలి మడతకు మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి.
4. తల వెనుక దిండు తల ఎత్తుకు అందాలి. మెడ దగ్గరే ఆగిపోతే వెనుక నుంచి గుద్దినప్పుడు మెడకు రక్షణ ఉండదు.
5. వెనుక డోరు ఎంత తెరుచుకుంటుందో, ఏసీ గాలి వెనుకకు ఎంత వస్తుందో చూడండి.
6. డిక్కీలో వాకరు గాని, మడత చక్రాల కుర్చీ గాని పెట్టి చూడండి. గ్యాసు సిలిండరు ఉన్న బండిలో ఈ చోటు బాగా తగ్గుతుంది.

సెడాన్ కారులో సీటు కిందికి ఉంటుంది, కూలబడి లేవాలి. జీపు తరహా బండ్లలో కాలు పైకెత్తి ఎక్కాలి. 1999లో వచ్చిన వ్యాగన్ ఆర్ వంటి ఎత్తు కప్పు కార్లు, 2012లో వచ్చిన ఎర్టిగా వంటి కుటుంబ బండ్లు ఈ రెండింటికి నడుమ ఉంటాయి. ఇవే కొనమని మా ఉద్దేశం కాదు. మీ మోకాళ్ళు ఒప్పుకున్నదే మీ కారు. ఎడమ మోకాలు నొప్పి ఉండి స్వయంగా నడిపేవారు క్లచ్ లేని ఆటోమేటిక్ బండి చూసుకోవచ్చు. కారు కొనే స్తోమత లేక అద్దెకు మాట్లాడుకునేవారు కూడా ఈ పరీక్షలు చేసుకోవచ్చు.

బెల్టు, లైసెన్సు

వెనుక సీటులో కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనుక సీటులో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ ప్రమాదంలో మరణించారు. సులువుగా అందే బెల్టు ఉన్న కారు చూసుకోండి. 55 ఏళ్ళు దాటినవారికి లైసెన్సు ఐదేళ్ళకు ఒకసారి రెన్యూవల్ చేయించుకోవాలి, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. కంటిలో శుక్లాలున్నవారు రాత్రి ఎదుటి బండ్ల వెలుగుకు తట్టుకోలేరు. అట్టివారు పగలే నడపాలి.

ప్రయాణం రోజున

రెండు గంటలకు ఒకసారి ఆపి ఐదు నిమిషాలు నడవండి. కూర్చున్నప్పుడు పాదాలను పైకి, కిందికి ఆడించండి. షుగరు మందులు వాడేవారు వేళకు తినాలి, బిస్కెట్లు దగ్గర ఉంచుకోవాలి. చెమటలు, వణుకు వస్తే నడపడం వెంటనే ఆపివేయాలి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకండి.

ప్రయాణంలో గాని, తరువాత కొన్ని వారాలలో గాని ఒక పిక్క వాచి నొప్పి పుడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోను చేయండి. పిక్క వాచినప్పుడు మర్దన చేయించడం మాత్రం వద్దు; గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.